కొత్త కార్పెట్ కింద

తన అన్నయ్య వాడి వదిలేసిన పెద్ద కారును కొన్నప్పుడు టైలరమ్మతో ఆమె భర్త ఒక్క మాటే అన్నాడు.

"ఏనుగును కొనడం తేలికే. మేపడం నీ వల్ల అవుతుందా?"

మేపింది. అప్పటికే మూడు లక్షల కిలోమీటర్లు దాటిన బండి. ఈ నెల రేడియేటర్ కారితే, పై నెల కిటికీ అద్దం కిందికి దిగి ఇక పైకి రానని మొండికేసేది. అయినా మెత్తటి తోలు సీట్ల మీద కుట్టిన బట్టలు పరుచుకుని ఇంటింటికీ ఇచ్చొచ్చేది. పిల్లల్ని బడికి దింపేది. ఎవరైనా ఎగతాళి చేస్తే, "మా అన్నయ్య పువ్వులా చూసుకున్న బండి" అని నోరు మూయించేది.

ఒకరోజు నడిరోడ్డు మీద మలుపు తిరుగుతుండగా ఇంజను ఆగిపోయింది. స్టీరింగ్ రాయిలా బిగుసుకుంది. వెనక వస్తున్న లారీ అతను చివరి క్షణంలో పక్కకు తిప్పాడు గనక సరిపోయింది. వెనక సీట్లో చిన్నది ఏడుపు లంకించుకుంది.

షెడ్డులో మెకానిక్ సీట్లు విప్పి, కార్పెట్ ఎత్తి ఆమెను పిలిచాడు. కింద ఎండి పగుళ్లిచ్చిన బురద. వైర్లకు పచ్చగా చిలుం.

"ఇది నీళ్లలో మునిగిన బండి అక్కా. బురదైనా కడక్కుండా పైన కొత్తది పరిచేశారు."

"మా అన్నయ్యకు తెలిసుండదు."

మాట నోట్లో ఉండగానే గుర్తొచ్చింది. తాళాలిస్తూ అన్న గొప్పగా చెప్పాడు, నీకోసం దగ్గరుండి కొత్త కార్పెట్ వేయించానని.

మెకానిక్ ఎలాగో కదిలించి ఇచ్చిన బండిని తిన్నగా అన్న ఇంటికి నడిపింది. అన్న వరండాలో గోళ్లు తీసుకుంటున్నాడు. అంతా విన్నాడు. బుకాయించలేదు.

"వరదలో చిక్కుకుందమ్మా. బయటివాడికి అమ్మితే రేపు నా చొక్కా పట్టుకుంటాడు. నువ్వైతే గొడవ చెయ్యవని..."

"పిల్లలెక్కుతారని తెలుసుగా."

"ఇప్పుడేమీ కాలేదుగా."

అబద్ధమాడినా ఆమె ఓర్చుకునేదేమో. తన మంచితనాన్ని బేరీజు వేసి మరీ తననే ఎంచుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ వదిన ఆమె కళ్లలోకి చూడలేక, "లోపలికి రామ్మా" అంది గోడతో చెప్పినట్టు. ఆవిడకూ తెలుసన్నమాట.

ఆమె తాళాలు గట్టు మీద పెట్టి, కారులోంచి బట్టల మూట దించుకుంది.

"గేటుకడ్డంగా ఉంది, కాస్త పక్కకు పెట్టి వెళ్లు."

"స్టార్టయితే నువ్వే పెట్టుకో అన్నయ్యా."

బస్సులో ఇంటికొచ్చింది. సాయంత్రం అన్న ఆమె భర్తకు ఫోను చేశాడు. "మా చెల్లికి కోపమొచ్చింది, నువ్వైనా నచ్చచెప్పు బావా" అంటుంటే ఆమెకూ వినిపిస్తూనే ఉంది. భర్త ఫోను ఆమె వైపు చాచాడు. ఆమె మిషను ఆపలేదు. ఫోను మళ్లీ చెవికి పెట్టుకుని, "తర్వాత మాట్లాడదాం బావగారూ" అంటూ ఆయన బయటికి వెళ్లిపోయాడు. కుడుతున్న చొక్కా కాలరు వంకర పోయింది. దారం తెంపి, కుట్లు విప్పడం మొదలుపెట్టింది.