ఆయ్ అంటే వింటున్నానని

నేను ఒక హెడ్‌సెట్‌ని. రెండు చెవులు, వాటిని కలిపే ఒక వంపు పట్టీ, ఎడమ పక్కనుంచి నోటి ముందుకు వచ్చే చిన్న మైకు. ఇంతే నా ఒడ్డూ పొడుగూ. ఎక్కడో ఒక పెద్ద షెడ్డులో ఒకమ్మాయి నా తీగలు అతికించి, తలకి తగిలించుకుని, ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి, బాగానే ఉందని పక్కన పెట్టింది. నేను విన్న మొదటి మనిషి గొంతు అదే. తర్వాత అమలాపురంలో ఒక సెల్‌ఫోన్ల కొట్టులో మేకుకి ఎనిమిది నెలలు వేలాడాను. వచ్చినవాళ్ళు నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, తీగ లేనివి లేవా అని అడిగేవాళ్ళు. మనుషులకి తీగంటే ఎందుకో చిన్నచూపు.

చివరికి నన్ను కొన్నది వీరవేణి. అంబాజీపేటలో ఒక ప్రైవేటు బడిలో పదహారేళ్ళు ఇంగ్లీషు చెప్పింది. ఆ బడి మూతపడింది. భర్త సూరిబాబు కొబ్బరి పీచు మిల్లులో గుమాస్తా. ఇంట్లో చూపు సరిగా ఆనని అత్తగారు. నలభై మూడేళ్ళ మనిషికి కొత్తగా ఎవరు పని ఇస్తారని ఊళ్ళో అందరూ పెదవి విరిచారు. ఆమె పట్టించుకోలేదు. దూరదేశాల వాళ్ళకి ఇంట్లో కూర్చునే పనులు చేసిపెట్టే సహాయకుల పేర్లుండే ఒక వెబ్‌సైటులో తన పేరూ చేర్చింది. నాలుగు నెలలకి ఒక పిలుపు వచ్చింది.

పిలిచినావిడ మోరాగ్. స్కాట్లాండ్‌లో పడమటి ఒడ్డున ఒక చిన్న రేవు ఊరు ఆమెది. అరవై ఎనిమిదేళ్ళు, ఒంటరి మనిషి. ఉన్ని టోపీలూ మేజోళ్ళూ శాలువాలూ అల్లి ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. సూదులు పట్టుకుంటే చకచకా ఆడే ఆ వేళ్ళు కంప్యూటర్ ముందు కూర్చోగానే మొరాయిస్తాయట. అందుకని తన సొంత పనులు చూసిపెట్టే మనిషి కావాలి, ఆ మనిషికి ఆన్‌లైన్ కొట్టు పని కూడా తెలిసుండాలి అని ప్రకటన ఇచ్చింది. అప్పటికే ఏడుగురితో మాట్లాడి ఏడుగురినీ వద్దనుకుంది.

ఆ రోజు వీరవేణి చెవులు ఎంత వేడిగా ఉన్నాయో నాకే తెలుసు. మోరాగ్ ఇంగ్లీషు ఆమె బడిలో చెప్పిన ఇంగ్లీషు కాదు. సగం మాటలు పట్టుబడటం లేదు. కోనసీమలో పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే ఆగినప్పుడల్లా ఆయ్ అంటారు. అలవాటుకొద్దీ ఆమె కూడా ఆయ్, ఆయ్ అంటూ కూర్చుంది. మోరాగ్ మధ్యలో ఆగిపోయింది.

"ఆ మాట నీకెలా తెలుసు?" అంది. అవును అనడానికి వాళ్ళ ఊళ్ళోనూ ఆయ్ అనే అంటారట.

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఉద్యోగం అక్కడే ఖాయమైపోయింది. మధ్యలో ఉన్న నేనూ సంబరపడ్డాను. నాకైనా బుద్ధి ఉండాల్సింది. మాట ఒకటే గానీ అర్థం ఒకటి కాదు. మోరాగ్ ఊళ్ళో ఆయ్ అంటే ఒప్పుకున్నట్టు. అంబాజీపేటలో ఆయ్ అంటే మీరు చెప్పండి, నేను మర్యాదగా వింటున్నాను అని. ఒప్పుకోవడమా కాదా అన్నది తర్వాతి సంగతి.

రెండున్నరేళ్ళు పని హాయిగా సాగింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వీరవేణి నన్ను తలకి తగిలించుకునేది. అప్పటికి అక్కడ తెల్లవారి మోరాగ్ టీ కప్పుతో కూర్చునేది. మాత్రలు వేసుకున్నారా అని అడగడం, డాక్టరు దగ్గరికి వెళ్ళే తేదీ గుర్తుచెయ్యడం, అలిగిన చెల్లెలికి పుట్టినరోజు కార్డు వెళ్ళేలా చూడడం, ఆ తర్వాత కొట్టు పని. ఉన్ని బట్ట ఒంటికి ఆనించుకోవాల్సిన అవసరం జన్మలో రాని మనిషి, మేజోళ్ళ గురించి రాయాల్సి వచ్చి ఒక పూటంతా ఆలోచించింది. చివరికి అరచేతిలో కోడిపిల్లంత వెచ్చగా ఉంటాయని రాసింది. ఆ వారం మేజోళ్ళన్నీ అయిపోయాయి. మోరాగ్ ఆ వాక్యాన్ని పెద్ద అక్షరాలతో రాసుకుని వంటింట్లో అంటించుకుందట.

వీరవేణికి ఇంకో మంచి అలవాటు ఉండేది. మాట్లాడటం అవగానే, ఈ రోజు మీరు చెప్పినవి ఇవి, నేను చెయ్యబోయేవి ఇవి అని ఈమెయిల్‌లో ఒక ఉత్తరం రాసి పంపేది. పిల్లల చేత పాఠం తిరిగి అప్పజెప్పించుకున్న మనిషి కదా. ఆమె ఆయ్‌లలో ఏది అవునో ఏది కాదో మోరాగ్‌కి ఆ ఉత్తరంలో తెలిసేది. ఇన్నాళ్ళూ వాళ్ళిద్దరినీ కాపాడింది ఆ ఉత్తరమేగానీ నేను కాదు.

మూడో ఏడు కార్తీకంలో అత్తగారికి కాకినాడలో కంటి ఆపరేషన్ జరిగింది. వీరవేణి పదిరోజులు సెలవు పెట్టింది. తిరిగొచ్చాక తనకే జ్వరం తగిలింది. పని ఆలస్యమైన ప్రతిసారీ క్షమించమని అడిగేది. అన్నిసార్లు క్షమాపణ అడిగితే అవతలి మనిషికి బెంగ పుడుతుందని ఆమెకి తోచలేదు. నా ఎడమ చెవి తీగ కూడా అప్పటికే లూజైంది. నల్ల టేపు చుట్టి వాడుకునేది. కొత్తది తెచ్చుకోవచ్చు కదే అని సూరిబాబు అంటే, ఇది నాకు అలవాటైపోయిందండీ అనేది. ఆ మాటకి నేను ఎంత పొంగిపోయానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆ రోజు తుపాను వాన. వసారా రేకుల మీద ఒకటే మోత. మోరాగ్ మామూలుకంటే తొందరగా మాట్లాడుతోంది. నా ఎడమ చెవి పూర్తిగా మూగబోయింది.

"నువ్వు అలసిపోయావు, వేణీ. నా పని నీకు భారమైపోయింది కదూ?"

"ఆయ్," అంది వీరవేణి. అలసిపోవడం గురించి ఏదో అడుగుతోందని మాత్రం తెలిసింది.

"నేను ఇంకొకరిని చూసుకుంటే నీకు తేలిగ్గా ఉంటుందా?"

"ఆయ్."

"అయితే నెలాఖరుకి ఆపేద్దామా?"

నెలాఖరు అన్న మాట ఒక్కటే ఆమెకి స్పష్టంగా వినపడింది. క్రిస్మస్ పండగ టోపీల అమ్మకం నెలాఖరుకే ఆపాలి. అదే అనుకుంది. అప్పటికే మూడుసార్లు మళ్ళీ చెప్పమని అడిగింది. నాలుగోసారి అడగడానికి మొహం చెల్లలేదు. "ఆయ్" అంది.

మోరాగ్ ముక్కు చీదుకున్న చప్పుడు నా కుడి చెవిలోకి వచ్చింది. జలుబు చేసిందేమో అనుకుంది వీరవేణి. అంతలో కరెంటు పోయింది. రెండు రోజులు రాలేదు. ఉత్తరం వెళ్ళలేదు.

కరెంటు వచ్చేసరికి మోరాగ్ ఉత్తరమే వచ్చి ఉంది. నీ ఇష్టప్రకారమే నెలాఖరుకి ఆపేద్దాం, నువ్వు చేసినదానికి రుణపడి ఉంటాను అని. వీరవేణి దాన్ని మూడుసార్లు చదివింది. ఆ ఇష్టప్రకారం అన్నది ఇంగ్లీషువాళ్ళ మర్యాద అనుకుంది. సెలవులు ఎక్కువైనందుకు పొమ్మంటున్నారని తేల్చుకుంది.

"ఎందుకని అడగొచ్చు కదే, ఒక్క మాట," అన్నాడు సూరిబాబు.

"పొమ్మన్న మనిషిని ఎందుకు పొమ్మన్నారని అడుగుతానా అండీ? నాకా మాత్రం పౌరుషం లేదా?"

నన్ను చుట్టచుట్టి బీరువా మీద పెట్టింది. మనుషులు ఇంతే. టోపీ కొలత గురించి పదిసార్లు అడుగుతారు, మనసు గురించి ఒక్కసారి అడగరు. అన్నీ విన్న నేను బీరువా మీద దుమ్ము పట్టాను.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం నన్ను మళ్ళీ దింపింది. తీగ సరిగ్గా వంచి పట్టుకుంటే ఎడమ చెవి కాస్త పలికింది. అవతల మోరాగ్ కాదు. మరిసెల్ అట, ఫిలిప్పీన్స్ దేశం. మోరాగ్‌కి కొత్త సహాయకురాలు. కొట్టు పనిలో కొన్ని సందేహాలున్నాయని ఫోన్ చేసింది. వీరవేణి అన్నీ విడమరిచి చెప్పింది. మాత్రల వేళలు చెప్పింది. గురువారం పొద్దున్న పిలవొద్దని, ఆ రోజు మోరాగ్ తన భర్త సమాధి దగ్గరికి వెళుతుందని చెప్పింది. అడగనివి కూడా చెప్పింది.

చివర్లో మరిసెల్ గొంతు తగ్గించింది. "ఇంకో మాట. అడగకుండా ఉందామనుకున్నాను గానీ, మోరాగ్ అడగమంది. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ నువ్వు అవునన్నావట. నిజంగా వెళ్ళాలనుకునే వెళ్ళావా? కాదంటే నిన్ను వెనక్కి పిలుస్తానంది. ఏడాది వెతికితే దొరికిన పని నాకిది. అయినా నిజమే చెప్పు."

ఆమె వెనక ఎక్కడో చంటిపిల్ల ఏడుస్తోంది. ఎవరో జోకొడుతున్నారు.

ఆ వాన, ఆ నెలాఖరు, ఆ ముక్కు చీదిన చప్పుడు అన్నీ ఒక్కసారిగా వీరవేణికి అర్థమయ్యాయి. నా తీగ మధ్యలో ఒక మీట ఉంది. నొక్కితే ఇవతలి మాట అవతలికి పోదు. ఆ మీట నొక్కింది.

"అయ్యో, నేనెందుకు ఎల్తానండీ మోరాగ్ గారూ," అంది తెలుగులో. "మీరు పొమ్మన్నారనుకుని కదా ఎల్లింది. మజ్జానం పూట మీ గొంతు ఇనక నాకు ఏ పనీ తోచట్లేదండీ."

చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మీట వదిలింది.

"అవును," అంది ఇంగ్లీషులో, బడిలో పాఠం చెప్పినంత స్పష్టంగా. "చాలా అలసిపోయాను. నేనే వెళ్ళాలనుకున్నాను. ఆమెను దిగులు పడొద్దని చెప్పు."

మరిసెల్ ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినపడింది. ఆమె థాంక్స్ చెప్పింది, ఇంకోసారి చెప్పింది. లైను ఆగిపోయింది. వీరవేణి నన్ను తీయకుండా అలాగే కూర్చుంది. సూరిబాబు గుమ్మంలోకి వచ్చి ఏమంటున్నారే అని అడిగాడు. పని గురించేనండీ అంది.

ఆ రెండు మాటలూ విన్నది నేనొక్కదాన్నే. అసలు మాట ఏదో మోరాగ్‌కి చెప్పాలని ఉంది. కానీ నాకంటూ వేరే నోరు లేదు. ఉన్న ఒక్క నోరూ వీరవేణిదే.