ఎవరికీ అక్కర్లేని నీళ్లు

వాల్వు తిప్పగానే నీళ్లు ఇసుక మీద పడతాయి. ముందు నురగ. తర్వాత వాసన — తడిసిన మట్టి వాసన కాదు. ఎవరో వాడి వదిలేసిన సబ్బు వాసన.

దోహా నగరం స్నానం చేసి వదిలిన నీళ్లు అవి. శుద్ధి చేశాక కూడా ఎవరికీ అక్కర్లేనివి. పోశన్న వాటిని ట్యాంకర్‌లో తెచ్చి ఎడారిలో ఒక పల్లంలో పోస్తాడు. అతనిలాంటి డ్రైవర్లు ఇరవై మంది. నాలుగేళ్లుగా అదే డ్యూటీ.

కొన్ని నీళ్లు ఇంకాయి. కొన్ని ఎండకు పోయాయి. మిగిలినవి అక్కడే ఉండిపోయాయి.

తుంగ మొలిచింది.

దాన్ని ఎవరూ చెరువు అనలేదు.

తొంభై ఆరు డిసెంబర్‌లో, పొగమంచు విడుతున్న ఒక పొద్దున, అక్కడ మూడు పక్షులు నిలబడి ఉన్నాయి. రెండు తెల్లవి — మనిషి ఛాతీ ఎత్తు, ముఖం ఎర్రగా, తోలు ఒలిచినట్టు. మూడోది వాటి పిల్ల. ఒంటి మీద తుప్పు రంగు ఇంకా వదలలేదు.

పోశన్నకు పక్షులు కొత్త కాదు. అతనిది నిజామాబాద్ జిల్లా, గోదావరి ఒడ్డు. చిన్నప్పుడు ప్రాజెక్టు నీళ్లు వచ్చి అతని ఊరిని ముంచాయి. మనుషులు మూటలతో గట్టెక్కారు. తర్వాతి చలికాలం, మునిగిన ఇళ్ల మీది నీళ్లలో ఇలాంటివే, పొడుగు కాళ్ల బెగ్గురు పిట్టలు దిగాయి... అవి బూడిద రంగువి. ఇంత తెల్లనివి అతనెప్పుడూ చూడలేదు.

ఆ పొద్దున వాల్వు సగమే తిప్పాడు. చప్పుడు కాకుండా.

దోహాలో ఉమ్ ఘువైలినా పేటలో ఉండే సయీదా టీచర్ గుంటూరు మనిషి. శుక్రవారాల్లో భర్తతో వచ్చి, దూరం నుంచి పక్షుల్ని చూసి నోటుబుక్కులో రాసుకునేది. ఆ శుక్రవారం బైనాక్యులర్స్ చాలాసేపు కళ్ల దగ్గరే ఉంచింది. దించి, ట్యాంకర్ దగ్గరికి నడిచి వచ్చింది.

"ఇవి ఇక్కడికి రావండీ పోశన్నగారూ. దారి తప్పినట్టున్నాయి. ప్రపంచం మొత్తంలో చాలా కొద్దిగానే మిగిలాయి."

వాటికేం కావాలని అడిగాడు అతను.

"చీలమండ లోతు నీళ్లు చాలు. అందులోనే నిలబడి నిద్రపోతాయి. కుక్క కాలు పెడితే చప్పుడవుతుంది కదా, మెలకువొస్తుంది."

బురదలో తవ్వుకోవడానికి తుంగ గడ్డలు. మనిషి అలికిడి లేని మూడు నాలుగు నెలలు. తల్లిదండ్రుల వెంట ఎగిరితేనే పిల్లకు తిరుగుదారి తెలుస్తుందనీ చెప్పింది.

ఇంత తక్కువ అడిగే ప్రాణులా, అనుకున్నాడు పోశన్న.

జనవరి మధ్యలో పైపులైను పూర్తయింది. నీళ్లిక నగరంలోకే తిరిగి వెళతాయి — రోడ్ల మధ్య గడ్డికి, ఖర్జూర చెట్లకు. ఆ మాట చెప్పడానికి ఫోర్‌మన్ జహాంగీర్ వచ్చాడు. జగిత్యాల మనిషి, పోశన్న కంటే పెద్దవాడు. రంజాన్ ఉపవాసంతో పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"రేపటి సంది గిక్కడ పొయ్యద్దు, పోశన్నా."

"మరి గా పిట్టలు, భాయ్?"

జహాంగీర్ పల్లం వైపు చూశాడు.

"నాకు గూడ కనబడ్తున్నయి. ఎవలకు చెప్పాలె? పేరు చెప్పు, పోయి చెప్త."

ఆ శుక్రవారం పోశన్న సంగతి టీచర్‌కు చెప్పాడు.

సయీదా టీచర్ మూడు ఆఫీసులకు ఉత్తరాలు రాసింది. ఒకచోటి నుంచి జవాబు వచ్చింది. పక్షుల మీద ఆమెకున్న ప్రేమకు ధన్యవాదాలు.

తప్పు ఎవరిదని అనాలి... చెట్లకూ నీళ్లు కావాలి.

మొదటి వారం నీళ్లు తుంగను వదిలాయి. రెండో వారం పక్షుల చీలమండల దాకా దిగాయి. మూడో వారం గోళ్లు కనిపించాయి.

అవి మాత్రం వెళ్లలేదు. ఎక్కడికని వెళతాయి? చుట్టూ ఇసుక. ఇసుక తర్వాత ఉప్పు సముద్రం.

పోశన్న ఇప్పుడు పల్లానికి దగ్గర్లో, తాముండే లేబర్ క్యాంపుకు మంచినీళ్లు తోలుతున్నాడు. ఒక మధ్యాహ్నం ట్యాంకర్‌ను పల్లానికి తిప్పాడు. వాల్వు మొత్తం తెరిచాడు. నీళ్లు నేల పగుళ్లలోకి వెళ్లాయి. వెళుతూనే ఉన్నాయి. ట్యాంకర్ ఖాళీ అయింది.

మట్టి రంగు మారింది. అంతే.

ఆ సాయంత్రం ఎనభై మంది సిమెంటు చేతులతో, ఎండిన కుళాయిల ముందు నిలబడ్డారు. పోశన్న దాచలేదు. జహాంగీర్ తిట్టలేదు కూడా. వంద ట్యాంకర్లు పోసినా నిండదని మాత్రం అన్నాడు. తిడితే బాగుండేది.

ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున, క్యాంపు చుట్టూ తిరిగే కుక్కలు ఎండిన బురద మీద నడిచి వెళ్లాయి.

చప్పుడు కాలేదు.

అరుపులు విని పోశన్న వచ్చేసరికి తెల్లవి రెండూ గాలిలో ఉన్నాయి. అరుస్తున్నాయి. పిల్ల నేల మీద, ఒక రెక్క ఈడుస్తూ. రాళ్లతో కుక్కల్ని తరిమాడు. లుంగీ కప్పి పిల్లను ఎత్తుకున్నాడు. లుంగీలో గుండె — ఎంత వేగంగానో.

టీచర్ నంబరు అతని దగ్గర లేదు. శుక్రవారం ఇంకా నాలుగు రోజులు.

క్యాంపు స్నానాల గదిలో తూముకు గుడ్డ కుక్కి నీళ్లు నిలిపాడు. పిల్ల అందులో నిలబడింది. చేప ముక్క పెట్టాడు, తినలేదు. నానబెట్టిన గోధుమలు పెట్టాడు... తినలేదు.

రెండు పొద్దులు తెల్లవి క్యాంపు మీద తిరిగాయి. రేకుల కప్పు కింద పిల్ల తల పైకెత్తేది.

మూడో పొద్దు ఆకాశంలో ఏమీ లేదు.

డ్యూటీ బస్సు వేళయింది. స్నానాల గది ముందు మనుషులు వరుసగా నిలబడ్డారు, భుజాన తువ్వాళ్లతో. ఎవరూ తలుపు కొట్టలేదు. యల్లా అని ఎవరూ తొందరపెట్టలేదు. జహాంగీర్ వచ్చి తలుపు సందులోంచి చూశాడు. తర్వాత తలుపు మెల్లగా దగ్గరకు వేసి, సీసాలోని నీళ్లు ముఖాన చల్లుకుని, బస్సు వైపు నడిచాడు. అతని వెనకే ఒక్కొక్కరూ — నిన్నటి దుమ్ముతోనే.

పోశన్న తలుపు బయట కూర్చున్నాడు. లోపల రెక్క ఒకసారి గోడకు తగిలింది.

మళ్లీ తగులుతుందేమోనని చెవి ఒగ్గాడు.