మొసలి కొరికిన చెయ్యి

నా ఎడమ చేతిని మొసలి కొరికిందని టర్న్‌బుల్ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. పద్దెనిమిదేళ్లుగా ఆ కథ చెప్పుకునే బతుకుతున్నాను. మొదట్లో ఆ మొసలి ఆరడుగులు. ఏడాదికేడాది పెంచుకుంటూ పోయాను. మొన్న మొన్నటికి దాని తోక టెక్సాస్ ఒడ్డునా, మూతి నది అవతల లూసియానాలోనూ ఉండేవి. మంగలి షాపులో నా కథ వింటూ నవ్వి, గడ్డం మీద గాట్లు పెట్టించుకున్నవాళ్లు బోలెడుమంది.

అలాంటి నన్ను మిస్టర్ క్రెన్షా శవపేటిక పక్కన నిలబడి మాట్లాడమన్నారు.

మా చర్చిలో ఎవరు పోయినా ఒక కాగితం అచ్చు వేయిస్తారు. ఏ పాట, ఏ ప్రార్థన, ఎవరి తర్వాత ఎవరు, అన్నీ అందులో ఉంటాయి. మధ్యలో ఎప్పుడూ ఒక వరుస ఉంటుంది: 'బంధుమిత్రుల మాటలు — దయచేసి రెండు నిమిషాలే'. ఆ రెండు నిమిషాల్లో ముగించినవాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఈసారి ఆ వరుస కింద నా పేరుంది: థీయోఫిలస్ గ్యాంట్, కింగ్‌బోల్ట్ రికార్డుల పాత పనివాడు.

ఆ పొద్దున నేను బూట్లు తుడుచుకుంటుంటే ఓజెల్లా వచ్చింది. తలుపు కొట్టలేదు. లోపలికొచ్చి ఆ కాగితం నా ఒళ్లో పడేసింది.

"కింద చదువు."

"కళ్లద్దాలు లేవే."

"ముక్కు మీదున్నాయి."

చదివాను. 'చివరి పాట: నది దాటాక పిలవకు. రచన, సంగీతం: అమోస్ క్రెన్షా.'

ఓజెల్లా ప్రైస్‌కి దవడ ఎడమవైపు లోపలికి పోయి ఉంటుంది. మాటలన్నీ నోటి కుడి మూల నుంచే జారతాయి. ఒకప్పుడు ఆ నోరు పాడుతుంటే రంపపు మిల్లు ఆగి వినేదని చెబుతాను నేను. మిల్లు ఆగలేదు గాని, మిల్లులో మనుషులు ఆగేవాళ్లు. అది మాత్రం నిజం.

"నీకు రెండు నిమిషాలున్నాయిగా," అంది. "ఆయన్ని మట్టిలో పెట్టకముందే, ఆయన వినేంత దగ్గర్లో నిలబడి, ఆ పాట నాదని చెప్పు. ఇంకేం వద్దు నాకు."

"నువ్వే చెప్పరాదూ?"

"ఆయన మేనల్లుడు బర్ల్ నన్ను పేటిక దగ్గరికి రానిస్తాడా? అయినా నా నోరు పది మాటలు దాటితే పీక్కుపోతుంది. నీకు తెలీదూ ఎందుకో?"

తెలుసు. తెలిసిన ఒక్కణ్ణీ నేనే.

"నేను చెబితే ఎవరు నమ్ముతారే ఓజెల్లా? నా నోట్లోంచి మొసళ్లు తప్ప ఏం రావని ఊరంతా తెలుసు."

"అది నువ్వు చేసుకున్న ఖర్మ," అంది. తలుపు దగ్గర వెనక్కి తిరిగింది. "ఆ రోజు అద్దం వెనకాల కూర్చునే ఉండిపోయావు, థీయో. ఇవాళ కూడా కూర్చునే ఉంటావేమో చూస్తా."

అమోస్ క్రెన్షా ఎలాంటివాడో ముందు చెప్పాలి, లేకపోతే ఆయనకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఆ రోజుల్లో తెల్లవాడి నోట మాకు పేరుండేది కాదు. డెబ్బై ఏళ్ల ముసలాణ్ణయినా 'ఒరేయ్' అనే పిలిచేవాడు. అలాంటి చోట మా నల్లవాళ్ల వీధిలో సొంతంగా కింగ్‌బోల్ట్ అని రికార్డుల కంపెనీ పెట్టాడాయన. ముందు గది దుకాణం, మధ్య గదిలో పాటలు, వెనక రేకుల షెడ్డులో రికార్డులు అచ్చొత్తే యంత్రం. ఆయన్ని మేమంతా మిస్టర్ క్రెన్షా అనేవాళ్లం. ఆయన భార్య కూడా అలాగే పిలిచేదని చెబుతాను. పిలిచేదో లేదో, నేను వాళ్ల పడకగదిలోకి వెళ్లలేదు.

పంతొమ్మిది వందల యాభై మూడులో మా పాటొకటి తెల్లవాళ్ల సోడా షాపులో మోగింది. వాళ్ల ఆడపిల్లలు దానికి చిందులేశారు. ఆ కోపంతో శనివారం మధ్యాహ్నం రెండు ట్రక్కుల్లో ఎనిమిదిమంది తెల్లవాళ్లు దిగారు. నేను గుమ్మం ముందు పెట్టెలు దించుతున్నాను. మొదటి దెబ్బ ఇనప కడ్డీతో మోకాలి వెనక పడింది. కాళ్లకు తాడు బిగించి ట్రక్కుకు కట్టారు. ట్రక్కు కదిలింది. కంకర రోడ్డు మీద నా వీపు చర్మం అరిటాకు చీలినట్టు చీలింది. ఆకాశం, కంకర, ఆకాశం, కంకర — అంతే కనబడింది నాకు.

అప్పుడు మంగలి షాపులోంచి మిస్టర్ క్రెన్షా దిగాడు. సగం మొహానికి నురగ, మెడకు తెల్లగుడ్డ, చేతిలో రెండు గొట్టాల తుపాకి. ఆయన తాడునే గురిపెట్టి తెంచాడని మావాళ్లు చెప్పుకుంటారు. ఆ మాట పుట్టించింది నేనే. నిజానికి కాల్చింది టైరు. తాడు కోసింది ఓజెల్లా, వంటింటి కత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చి. రెండో గుండు డ్రైవరు మోకాలు పేల్చింది. వాడి అరుపుకు మిగతావాళ్లు బిగుసుకుపోయారు. మిస్టర్ క్రెన్షా తీరిగ్గా తుపాకిలో గుళ్లు నింపుకుని, వాళ్ల పెద్ద దగ్గరికి నడిచి, గొట్టం వాడి నోట్లో పెట్టాడు. పన్ను విరిగిన చప్పుడు నాకు రోడ్డు మీదికి వినబడింది.

"నా పేరేంటి?" అన్నాడు.

"మిస్... మిస్టర్ క్రెన్షా," అన్నాడు వాడు, గొట్టం చుట్టూ నెత్తురు కారుస్తూ.

"ఇంకోసారి. మావాళ్లంతా వినాలి."

అన్నాడు. మేమంతా విన్నాం. వాళ్లు మళ్లీ రాలేదు. నెలరోజులు మా వీధిలో ప్రతి ఇంటి కప్పు మీదా తుపాకులు ఎండబెట్టాం మరి.

ఆ మనిషికి నేను ప్రాణం బాకీ. ఇప్పుడు రెండోది వినండి.

ఓజెల్లా తమ్ముడు దుంగల తెప్ప మీదినుంచి జారి నదిలో పోయాడు. వాడి మీద కట్టింది ఆ పాట. వంటింట్లో రొట్టెల పిండి పిసుకుతూ కట్టింది, నేను పక్కనే బఠానీలు ఒలుస్తున్నాను. యాభై ఐదులో ఒక మంగళవారం పొద్దున దాన్ని పాడింది. పాటల గదికీ నా యంత్రానికీ మధ్య గోడలో అద్దం, దాని వెనక నేను. పాటను నల్లటి పళ్లెం మీద సూదితో గీసే యంత్రం నా చేతిలో ఉండేది. ఒక్క తడవలో పాడేసింది.

"కాగితం మీద నా పేరేస్తారుగా, మిస్టర్ క్రెన్షా?" అంది.

కింగ్‌బోల్ట్ రికార్డు మధ్యన అంటించే గుండ్రటి కాగితం మీద ఎవరు కట్టిన పాటకైనా ఒకటే పేరుండేది. అది అక్కడి ఆచారం.

"పొయ్యి నాది, కుండ నాది. కూర నీదెలా అవుతుందే పిల్లా?" అన్నాడాయన నవ్వుతూ.

"పోయింది నా తమ్ముడు," అంది ఓజెల్లా. "పేరు వేయకపోతే రికార్డు రెండో వైపుకు పాట పాడను."

అప్పటికే నేను రెండో పళ్లెం పెట్టి యంత్రం తిప్పుతున్నాను. ఆయన కోటులోంచి పిస్తోలు తీసి, దాని పిడితో ఆమె దవడ మీద కొట్టాడు. మొదటి దెబ్బకు ఆమె మైకు స్తంభం పట్టుకుంది. రెండో దెబ్బకు దాంతో సహా పడింది. మూడోది కింద పడ్డాక కొట్టాడు. మూడు దెబ్బలకూ నా సూది మూడుసార్లు ఎగిరింది. నేను కుర్చీలోంచి లేవలేదు. కాళ్లకు తాడు లేదు ఆ రోజు. అయినా లేవలేదు.

అద్దం తలుపు తీసి ఆయన అడిగాడు. "పళ్లెం పాడయిందా?"

"పాడయింది, మిస్టర్ క్రెన్షా."

"కొత్తది పెట్టు."

పెట్టాను.

ఆ సాయంత్రం, పొద్దుటి మంచి పళ్లెం నా బల్ల మీదుంది. పాట అయిపోయే చోటికీ కాగితం అంటించే చోటికీ మధ్య నున్నటి పట్టీ ఒకటి మిగులుతుంది. అక్కడ మేకు మొనతో నంబరు గీకడం నా పని. పళ్లెం మీద గీకింది అచ్చులోకి వెళుతుంది, అచ్చులోంచి ప్రతి రికార్డు మీదికీ దిగుతుంది. నంబరు గీకాను. పక్కన చీమ కాలంత అక్షరాలతో ఇంకో మాట గీకాను: 'ఇది ఓజెల్లాది'. నోటితో అనలేని మాట మేకుతో అన్నాను. నా మగతనం అంతే.

రికార్డు అరవై వేలు అమ్ముడుపోయింది. నేను చెప్పేటప్పుడు ఆరు లక్షలు. ఏ ఒక్కడూ ఆ గీత చూడలేదు. మరుసటేడు డెట్రాయిట్‌లో ఎవడో పనిలేనివాడు చూశాడు. 'ఓజెల్లా అంటే ఎవరండీ?' అని కంపెనీకి ఉత్తరం రాశాడు. వాడి చేతులు విరగ.

మిస్టర్ క్రెన్షా ఆ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని షెడ్డులోకొచ్చాడు. నన్ను తిట్టలేదు. అక్కడున్న ఇద్దర్నీ బయటికి పంపాడు. పిస్తోలు నా చెవిలో పెట్టి, "ఏ చేత్తో గీకావు?" అన్నాడు.

"కుడి చేత్తో."

"కుడిచెయ్యి నాకు పనికొస్తుంది. ఎడమది పెట్టు."

రికార్డులు ఒత్తే యంత్రం అంటే రెండు ఇనప పెదవులు. మధ్యలో వేడిముద్ద పెట్టి మూస్తే ఆవిరికి అది పాటవుతుంది. ఆ రోజు ముద్దకు బదులు నా చెయ్యి. పెదవులు మూసుకున్నాయి. ఎముకలు ఎండుకంపలా పటపటలాడాయి. తర్వాత ఆవిరి వచ్చింది. నా మాంసం వాసన నాకే, ఏం చెప్పను, ఆదివారం వంటలా వచ్చింది. ఆయన పదకొండు దాకా లెక్కపెట్టాడు, నెమ్మదిగా.

తర్వాత తనే ఎత్తుకుని కారులో వేసుకుని, మమ్మల్ని చేర్చుకునే ఆసుపత్రికి నలభై మైళ్లు తోలాడు. దారంతా ఏడ్చాడు. రెండు నెలలు రోజూ మా ఇంటికొచ్చి తన చేత్తో నాకు గడ్డం గీసేవాడు. కత్తి గొంతు మీదికి రాగానే ఆగేవాడు.

"నీ చేతిని ఏం కొరికింది, థీయో?"

"మొసలి, మిస్టర్ క్రెన్షా."

"ఎంతుంది?"

"ఆరడుగులు."

"మంచి కథ. అందరికీ చెప్పు."

అదీ ఆ మొసలి పుట్టుక.

చర్చి కిక్కిరిసింది. మిస్టర్ క్రెన్షా పేటికలో ముత్యాల రంగు సూటుతో, చెంపలకు పొడి అద్దించుకుని దర్జాగా పడుకున్నాడు. స్కూలు పెద్ద లేచి, మా పిల్లల బ్యాండుకు బూరలు కొనిచ్చింది ఆయనేనన్నాడు. ఇంకొకరు, దిక్కులేనివాళ్లకు ముప్ఫై సమాధులు కట్టించింది ఆయనేనన్నారు. అంతా నిజం. ఒక్కటీ కొట్టెయ్యలేను.

నా వెనక వరుసలో ఆయన మేనల్లుడు బర్ల్ ముందుకు వంగాడు. కంపెనీ ఇప్పుడు వాడిదే, పిస్తోలు కూడా. "మొసలి కథ చెప్పు, తాతా," అన్నాడు చెవిలో. "నవ్విస్తే చాలు. ఓజెల్లా నీ ఇంటికొచ్చిందని తెలుసు. ఇంకో చెయ్యి మిగిలుంది కదా నీకు?"

లేచి నడిచాను. నేను నోరు తెరవకముందే జనం నవ్వు మొదలెట్టారు.

"ఎన్నడుగులు, బ్రదర్ థీయో?" అని అరిచారెవరో.

"మొసలి లేదు," అన్నాను.

ఇంకా గట్టిగా నవ్వారు. నేను చొక్కా లోపలినుంచి రికార్డు తీసి, ముందు వరుసలో తెల్లబట్టల్లో కూర్చున్న మదర్ ఈడా చేతికిచ్చాను. తొంభై ఏళ్ల మనిషి. మా చర్చిలో పాస్టరు తప్పు చదివితే దిద్దేది ఆవిడే. నా మాట ఒక్కటీ ఏనాడూ నమ్మలేదు. బైబిలు చదివే భూతద్దం ఎప్పుడూ ఒళ్లో ఉంటుంది.

"పాట అయిపోయిన చోట, కాగితం పక్కన. పైకి చదవండమ్మా."

బర్ల్ లేచాడు. చెయ్యి కోటులోకి పోయింది. మదర్ ఈడా తలెత్తకుండానే, "కూర్చోరా. నీకు పొత్తిగుడ్డలు మార్చిన చేతులివి. కోటులోది కోటులోనే ఉంచు," అంది. వాడు కూర్చోలేదు గాని, చెయ్యి బయటికీ రాలేదు.

ఆవిడ చదివింది. "ఇది... ఓజెల్లాది."

చర్చిలో విసనకర్రలు ఆగాయి. నేను ఎడమ చేతికి పద్దెనిమిదేళ్లుగా వేసుకుంటున్న తొడుగు పంటితో లాగి అరచెయ్యి ఎత్తాను. దాని మీద వంపు తిరిగిన గీతలున్నాయి, రికార్డు మీద ఉండేలాంటివే. సూది పెడితే పాడుతుందని తాగినప్పుడు నాలో నేను అనుకునేవాణ్ణి. అది అబద్ధం. గీతలు అబద్ధం కావు.

"కంకర మీదినుంచి నన్ను లేపింది ఈ మనిషే," అన్నాను. "నా చేతిని యంత్రంలో పెట్టింది కూడా ఈ మనిషే. ఓజెల్లా దవడ విరిచాడు. ఆమె పాట మీద తన పేరు వేసుకున్నాడు. నేను అద్దం వెనక కూర్చుని చూశాను. ఇదంతా నిజం. నాకు నిజం చెప్పడం అలవాటు లేదు, తడబడితే క్షమించండి."

బర్ల్ నా వైపు రెండడుగులు వేసి పిస్తోలు పిడితో నా నోటి మీద కొట్టాడు. రెండు పళ్లు మదర్ ఈడా ఒళ్లో ఉన్న రికార్డు మీద పడ్డాయి. చర్చి పనులు చూసే డీకన్లు వాణ్ణి వెనక్కి విరిచి పట్టుకున్నారు. నేల మీదినుంచి చూస్తున్నాను, నాలుగో వరుసలోంచి ఓజెల్లా లేచింది. ఆమెను ఎవరూ ఆపలేదు. మదర్ ఈడా కాళ్లు పక్కకు జరిపి దారిచ్చింది.

పేటిక దగ్గర నిలబడి ఆయన్ని కాసేపు చూసింది. తర్వాత చెయ్యి ఎత్తి చెంప మీద కొట్టింది. ఆ చప్పుడు చివరి బెంచీ దాకా వినబడింది. చచ్చినవాడి తల పక్కకు తిరిగింది. ఆమె దాన్ని రెండు చేతులతో సరిచేసి, పక్కకు పోయిన టై కూడా సర్దింది. అరచేతికి ఆయన చెంపల పొడి అంటింది. దాన్ని ఆ అచ్చు కాగితం మీద, 'రచన' అన్న వరుస మీద, తుడిచేసుకుంది.

పాటబృందం పెద్ద నీళ్లు నమిలాడు. "సిస్టర్ ఓజెల్లా... మరి చివరి పాట... పాడమంటారా, వద్దంటారా?"

"పాడండి," అంది నోటి కుడి మూల నుంచి. "ఆ రికార్డులోలాగా సాగదీయకండి. మా తమ్ముడు ఈతగాడు. కాస్త వేగంగా పాడండి."