వదలని విండో

మా అక్క భర్త ఇంట్లో బావ, ఆఫీసులో సార్. ఆయన సిఫారసుతోనే చేరాను. ఆరు నెలల పరీక్షాకాలం కస్టమర్ వచ్చే రోజుతో సరి. ఆవేళ ప్రోగ్రాం సవ్యంగా నడిస్తే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటిదారి.

ప్రోగ్రాంలో పనల్లా తెరమీద విండోలను మౌస్‌తో పట్టుకుని జరపడమే. మూడు రకాల కంప్యూటర్లలోనూ ఒకే కోడు నడిపించే లైబ్రరీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడు, వాడాం. ఒకే కోడన్నది మాటవరసకే. ఆ మూడూ ముగ్గురు తోడికోడళ్లు, ఒకరికి నచ్చింది ఇంకొకరికి గిట్టదు. పైగా మూడో రకం మా ఆఫీసులో లేనే లేదు.

మౌస్ బటన్ నొక్కినట్టు విండోకి కబురు అందితే అది మౌస్ వెంట కదులుతుంది, వదిలినట్టు అందితే ఆగుతుంది. అంతా కుదిరిందనుకున్న సాయంత్రం బావకు ముచ్చట పుట్టింది.

"నొక్కగానే 'స్వాగతం' అని చిన్న విండో రావాలిరా. మర్యాదగా ఉంటుంది."

"వదిలిన కబురు ఆ స్వాగతానికి పోతే, అసలు విండోకి తెలియదు సార్. మూడో రకంలో ఏమవుతుందో!"

"మూడింట్లోనూ ఒకేలా నడుస్తుందని లైబ్రరీవాళ్లు మొదటి పేజీలోనే రాశారు కదరా. చెప్పింది చెయ్యి."

చేశాను. మర్నాడు కస్టమర్ వచ్చింది, గోదాముల యజమానురాలు. తెచ్చుకున్నది మూడో రకం కంప్యూటర్! ఆవిడ బటన్ నొక్కింది, స్వాగతం వచ్చింది. ఆవిడ వదిలింది గానీ విండో వదల్లేదు. మౌస్ ఎటు పోతే అటు జిడ్డులా పట్టుకుని తిరిగింది. బావ ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. అయినా నోరు మాత్రం పనిచేసింది.

"ఇది మా ప్రత్యేకత మేడం. మీరెటు వెళ్తే అటే వస్తుంది."

"భలే ఉందే! నొక్కి పట్టుకోనక్కర్లేదు, వేలు నొప్పి పుట్టదు. మరి ఇందాక మీ కంప్యూటర్లలో చూసినప్పుడు ఇలా రాలేదేం?"

"అది మావాడి పొరపాటు మేడం. రెండ్రోజుల్లో సరిచేస్తాడు."

నాకు ఒళ్లు మండింది. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది. గంగిరెద్దులా తలూపాను.

శుభ్రంగా నడిచే రెండు రకాలనూ రెండు రోజులు కూర్చుని చెడగొట్టాను. నా జన్మలో అంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు. మూడోనాడు ఉత్తరం ఇచ్చారు: ఉద్యోగం ఖాయం, లోపాలు సరిదిద్దినందుకు అభినందనలు. కింద బావ సంతకం.

అక్క ఆ ఉత్తరం రెండుసార్లు చదువుకుని మురిసిపోయింది.

"ఇంతకీ ఏం సరిచేశావురా?"

"వదిలితే ఆగిపోతోందక్కా. ఆగకుండా చేశాను."

"మా తమ్ముడు బంగారం" అంది. బావ పేపర్లోంచి తలెత్తలేదు. నాకు చచ్చేంత సిగ్గేసింది. అయినా ఉత్తరం అడిగి తీసుకుని జేబులో పెట్టుకున్నాను.