పది లెక్కపెట్టేదాకా

నేను ఒక కెమెరాను. జేబులో ఇమిడే రకం కాదు, నన్ను కదిలించాలంటే బండి కట్టాలి. ఒళ్లు టేకు, కన్ను సీమసరుకు. ఇప్పుడంటే మ్యూజియంలో కూర్చున్నాను గానీ, నాకూ ఒక వృత్తి ఉండేది. నన్ను తెచ్చిన దొర చచ్చిన పులుల మీద కాలేసి మూడేళ్లు తన బొమ్మలే తీయించుకున్నాడు. వెళ్తూ నన్ను ఆ బొమ్మలు తీసిపెట్టిన దాలినాయుడికి వదిలేశాడు. నా అసలు బతుకు అప్పుడు మొదలైంది.

నాకు మీటా లేదు, మరా లేదు. కంటికి ఇత్తడి మూత ఒకటి, అంతే. నాయుడు మూత తీసి పది లెక్కపెట్టి మళ్లీ పెట్టేవాడు. ఆ పది అంకెలూ కదలనివాళ్లే నాకు మనుషులు. కదిలితే ఎంత కొమ్ములు తిరిగినవాడైనా పొగే.

ఒకసారి నాగావళి ఒడ్డున ఒక ఊరి ఆసుపత్రివాళ్లు గ్రూపు ఫొటోకి పిలిచారు. మంత్రసాని పైడమ్మ నలభై ఏళ్ల కొలువు ఆ రోజుతో ఆఖరు. ఫొటో ఆమె కోసం అనుకునేరు! కొత్త వార్డు తెరవడానికి జిల్లా బోర్డు ప్రెసిడెంటుగారు వస్తున్నారని. గుమాస్తా ఆమెను కుర్చీల ముందు, నేలమీద ఓ మూల కూర్చోబెట్టాడు.

"బాబూ, సచ్చేలోగా ఒక్కపాలి నా మొకం కాయితం మీద సూసుకోవాల. నాను పడతానా?" అని అడిగింది నాయుణ్ణి.

"ఊపిరి బిగబట్టి కదలకుండా కూకో అమ్మా, పడతావు."

ఊపిరి బిగబట్టమని ఎందరు తల్లులకు చెప్పిన నోరో ఆమెది! బుద్ధిగా తలూపింది.

ప్రెసిడెంటుగారు ఎంతకీ రారు. ఎండ జారిపోతోందని డాక్టరుగారు కానివ్వమన్నారు. బొమ్మ పడే గాజు పలక మా దగ్గరున్నది ఒక్కటే. నాయుడు మూత తీశాడు. నాలుగు అనేసరికి గేటు దగ్గర కారు ఆగింది. అంతే, కుర్చీలన్నీ ఒక్కసారి ఖాళీ. దండలు పట్టుకొని ఒకటే పరుగులు. నాయుడు మూత పెట్టబోయి, పైడమ్మ వైపు చూసి ఆగాడు. ఐదు, ఆరు... పది దాకా నింపాదిగా లెక్కపెట్టాడు.

పలక మీద డాక్టరు పొగ, గుమాస్తా పొగ. కుర్చీల వెనక మెట్లెక్కిపోయిన ప్రెసిడెంటుగారు ఒక తెల్లటి చార. మూలన పైడమ్మ మాత్రం ముక్కుపుడకతో సహా, ముఖం మీద ప్రతి ముడతతో నిక్కచ్చిగా ఉంది. అంత గొప్ప బొమ్మ నా జన్మలో మరొకటి తీయలేదు. గొప్పలు పోతున్నాననుకున్నా సరే.

గుమాస్తా నానా మాటలూ అని, వేరే కెమెరాను పిలిపించుకున్నాడు. పైడమ్మను పిలవలేదు. నాయుడు మాత్రం బొమ్మ అచ్చు తీసి ఆమె ఇంటికి పట్టుకెళ్లాడు. నేను వాకిట్లో బండిలో ఉన్నాను. ఆమె చేతులు కడుక్కొని, కొంగుతో తుడుచుకొని అందుకుంది. చాలాసేపు చూసింది. తన చెంప తడుముకుంది. నాకు కన్నీళ్లుంటే ఆ రోజు వచ్చేవి.

"అందరూ లెగిసిపోనారు గదమ్మా, నువ్వొక్కదానివీ కదలనేదేటి?" అన్నాడు నాయుడు.

బొమ్మ మీంచి కళ్లు తీయకుండానే చెప్పింది పైడమ్మ.

"ఆడి బొడ్డు కోసింది నానే బాబూ. ఆడొచ్చేడని నాను లెగాలేటి?"