బొటనవేళ్ల చెట్టు

శాంతిప్రియ తడిగుడ్డతో స్టాంపులు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో సర్దుతుండగా ఫోను మోగింది. పేరు చూడక్కర్లేదు. నెలాఖరు రోజున ఇంత పొద్దున్నే చేసేది జగదల్‌పూర్ రాజ్‌కుమార్ ఒక్కడే. ఆమెను స్టాంపుల పెట్టెలమ్మే కంపెనీలో చేర్పించినవాడు, కాబట్టి ఆమెకు పైవాడు.

"మేడమ్, ఆజ్ లాస్ట్ డేట్. ఒక్క జాయినింగ్ కావాలి. పడిందా, మీరు లీడర్‌గానే ఉంటారు. పడలేదా, సిస్టమే కిందికి దించేస్తుంది. నా చేతుల్లో లేదు."

"చూస్తాను సార్."

"చూస్తాను కాదు, చేస్తాను అనాలి. పాజిటివ్‌గా ఉండాలి మేడమ్!"

ఆమె ఫోను బోర్లా పెట్టి, మంచుబొమ్మ స్టాంపును కాస్త కసిగానే తుడిచింది. కిరండూల్‌లో మంచుబొమ్మను చూసినవాళ్లెవరు? ఇక్కడ పైనుంచి పడేవి రెండే: వాన, లేకపోతే ఇనుపరాయి ధూళి. తెల్ల అట్ట కాసేపు బల్ల మీద ఉంచితే చాలు, ఎర్రగా తిరుగుతుంది. పెట్టె నిండా ఇలాంటివే ఉన్నాయి. ఏ చెట్టువో తెలియని అయిదు కొనల ఆకులు, గాలిబుడగలు, ఇంగ్లీషులో వంకరటింకర థాంక్యూలు. డెమోలో సొంత స్టాంపులు వాడకూడదని కంపెనీ నియమం. అందుకే ఆమె చేత్తో చెక్కుకున్న ఇప్పపువ్వు, ఖనిజం వ్యాగన్, క్రిస్మస్ నక్షత్రం ఏడాదిగా బిస్కెట్ల డబ్బాలో మూలుగుతున్నాయి.

ఈ రోజు వ్యాపారం చేయకూడదని మాత్రం రాత్రే ఒట్టు పెట్టుకుంది. బల్ల మీద పెద్ద కార్డు ఒకటి ఆరుతోంది. దాని మీద చెట్టు మాను ఉంది, కొమ్మలున్నాయి, ఒక్క ఆకు లేదు. ఆ ఆకులన్నీ మధ్యాహ్నం బండి కదిలేలోపల మొలవాలి. పక్క వరసలో ఉండే పోలమ్మ పిన్ని, గార్డుగా రిటైరైన సత్యమూర్తి బాబాయి క్వార్టరు ఖాళీ చేసి బొబ్బిలి వెళ్లిపోతున్నారు. బండి పేరు నైట్ ఎక్స్‌ప్రెస్సే గానీ ఇక్కడ ఎండ ఉండగానే బయల్దేరుతుంది.

ఈ కార్డుల పిచ్చి పోలమ్మ తెగిన హవాయి చెప్పుతో మొదలైంది. పార్వతీపురం నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన రోజులవి. భర్త ఏలియా రైల్వేలో పాయింట్స్‌మన్, ఏ వేళకు ఇంట్లో ఉంటాడో అతనికే తెలియదు. మాట్లాడే దిక్కులేక శాంతిప్రియ రోజూ పోలమ్మ పెరటి తలుపులోంచి దూరి వంటింటి గట్టు దగ్గర చేరేది. ఒక క్రిస్మస్‌కి బజార్లో మంచి కార్డు దొరకలేదు. ఆ గట్టు మీదే ఏలియా గడ్డం బ్లేడుతో చెప్పు మడమలోంచి ఆకు ఆకారం కోసి, చెక్కముక్కకు అంటించి, ఇంకులో అద్ది కొట్టింది. ఆకు అచ్చంగా పడింది.

"ఒలమ్మ, దేవుడి పండక్కి సెప్పుతోటి కార్డా! దేవుడు ఏటనుకోడేటే?" అని పోలమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ చెప్పు తర్వాత ఏమైందో ఎవరూ పట్టించుకోలేదు.

అక్కడినుంచి కాలనీలో పెళ్లి అయినా, పుట్టువెంట్రుకలైనా, బాప్తిస్మమైనా శాంతి కార్డు లేకుండా జరగలేదు. ఎవరికైనా బదిలీ అయితే చెట్టు కార్డు. మొదటిసారి చెట్టు నిండా రబ్బరు ఆకులు కొట్టి, ఒక్కో ఆకులో ఒక్కో పేరు రాసింది. చదువు రాని పోలమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఇందల నా ఆకేదే? పేర్లు నాకెలాగ తెలుస్తాయి? బొటనేళ్లయితే పోల్సుకుంతాను. కల్యాణి బొటనేలు సూడు, కత్తిగాటు ఉంటాది. నీది సన్నం, సింతగింజ లాగ."

అప్పటినుంచి ఆకులకు బదులు బొటనవేళ్లు. ఇంకు ప్యాడ్ పట్టుకుని ఇంటింటికీ తిరిగేది. ఆడవాళ్లు పిండిచేతులు తుడుచుకుని వచ్చి వేలు అద్దేవాళ్లు. వేలి గీతలు ఆకు ఈనెల్లా పడేవి. అలాంటి చెట్లు కొరాపుట్‌లోనూ అరకులోనూ విజయనగరంలోనూ ఎవరెవరి గోడల మీదో ఇప్పటికీ ఉన్నాయి.

ఇంత చేతిపని ఊరికే పంచిపెట్టడమేమిటని రాజ్‌కుమార్ అన్నాడు. నిజమే కదా అనిపించింది. ఆమెకూ ఒక పేరుండాలని, ఏలియా భార్య అని కాక స్టాంపుల శాంతిప్రియ అనిపించుకోవాలని ఆశ. తీరా చేరాక తెలిసింది, కంపెనీకి కావలసింది కార్డులు చేసేవాళ్లు కాదు, పెట్టెలు కొనేవాళ్లు, కొనేవాళ్లను తెచ్చేవాళ్లు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. భానుప్రసాద్ వాళ్లు బదిలీ మీద వెళ్లిన రోజు వీడ్కోలు బల్ల మీదే డెమో పెట్టింది. "మీ ఫోనుకి నంబరొస్తుంది, అది చెప్పండి, ఫ్రీ గిఫ్టు" అంది. చెప్పినవాళ్లందరూ మర్నాటికి మెంబర్లైపోయారు. ఫోన్ల నిండా మెసేజీలు, మగవాళ్ల చివాట్లు. ఆ రోజు భానుప్రసాద్ వాళ్లకు చెట్టు కార్డు ఇవ్వడం కూడా మరిచిపోయింది.

తెలిసి తెలిసీ చేరింది పోలమ్మ ఒక్కతే. "మా శాంతి కంపెనీ, నాను సేరకపోతే ఎవులు సేరతారు?" అని పెట్టె మోయించుకుని లోపల పెట్టుకుంది. అప్పటినుంచి శాంతిప్రియ ఆ ఇంటికి వెళ్లినా వీధి గుమ్మంలోంచే, కంపెనీ సంచి భుజాన వేసుకునే వెళ్లేది. పెరటివైపు వెళ్లి ఏడాది దాటింది.

వంట ముగించి, కార్డూ ఇంకు ప్యాడూ తీసుకుని బయల్దేరింది. గుమ్మం దాటాక వెనక్కి వచ్చి సంచి కూడా తగిలించుకుంది. ఎందుకో ఆమెకే తెలియదు. అలవాటు పడిన భుజం.

మొదటి తలుపు కల్యాణిది. లోపల టీవీ పాడుతోంది. తలుపు కొట్టగానే పాట ఆగిపోయింది.

"ఎవరూ?"

"నేనే కల్యాణీ, శాంతిని. ఒక్క నిమిషం బయటికి రా."

"స్నానం చేస్తున్నా అక్కా! సాయంత్రం చూద్దాం."

లోపల కుక్కరు దింపిన చప్పుడైంది. స్నానం చేసే మనిషి కుక్కరు ఎలా దింపుతుందో శాంతిప్రియకు అర్థం కాలేదు. "సాయంత్రానికి పిన్ని ఉండదు కల్యాణీ. పిన్ని కోసమే" అని గట్టిగా చెప్పింది. లోపలినుంచి నీళ్లు పారబోసిన చప్పుడు మాత్రం వచ్చింది. నమ్మించడానికి కాబోలు.

రెండో ఇంట్లో కిటికీ తెర కదిలి ఆగిపోయింది. మూడో ఇంటికి తాళం వేసి ఉంది, లోపల ఫ్యాను తిరుగుతోంది. నాలుగోది సుమిత్రది. ఊరు దంతెవాడ దగ్గర, తెలుగు కాలనీలోనే నేర్చుకుంది. ఆమె తలుపు తీసింది, ఇంకు ప్యాడ్ చూసింది, వెంటనే బొటనవేలు పిడికిట్లో దాచేసుకుంది.

"అంగూఠా వద్దు దీదీ. పోయినసారి నంబరు చెప్తే మెంబర్ అయిపోయాను. ఇప్పుడు అంగూఠా పెడితే ఏమైపోతానో! మా ఆయన ఇంట్లోంచి తోసేస్తాడు."

"అది కాదు సుమిత్రా, ఇది చెట్టు. పోలమ్మ పిన్నికి. నువ్వు ఇంతకు ముందు పెట్టావు కదా!"

"అప్పుడు మీ దగ్గర ఈ సంచి లేదు" అంది సుమిత్ర. కోపంగా కూడా అనలేదు. బిచ్చగాడికి ముందుకెళ్లమని చెప్పినట్టు మెల్లగా చెప్పి తలుపు మూసుకుంది.

శాంతిప్రియకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. వీళ్ల పిల్లల పుట్టినరోజులకు రాత్రింబవళ్లు కూర్చుని చేసిన కార్డులు గుర్తులేవా? ఒక్కసారి నంబరడిగితే జన్మంతా దొంగేనా? ఆ సంచి అక్కడే గోడవారన దింపి వెళ్లొచ్చు. ఆ సంగతి తట్టింది కూడా. కానీ ఎవరైనా ఎత్తుకుపోతే కంపెనీకి జవాబు ఎవరు చెప్తారు? భుజం మార్చుకుని నడిచింది.

వరస చివరి ఇల్లు కొత్తగా వచ్చిన గంగది. పెళ్లై ఆర్నెల్లు కాలేదు, శ్రీకాకుళం పిల్ల. తలుపు బార్లా తీసి ఉంది. పిలవకముందే "రండక్కా, కూచోండి" అని స్టూలు వేసి మంచినీళ్లు ఇచ్చింది. ఆ నీళ్లు తాగాక శాంతిప్రియకు ప్రాణం లేచొచ్చింది. చెట్టు సంగతి చెప్పింది. గంగ వేలు ప్యాడ్‌లో అద్ది, నాలుక కరుచుకుని, కొమ్మ కొసన జాగ్రత్తగా నొక్కింది. ఒక్క ఆకు మొలిచింది.

"భలే ఉందక్కా! ఇలాంటివి నాకు నేర్పుతారా? పగలంతా ఒక్కదాన్నీ ఉండలేక సస్తన్నాను."

ఎన్నో ఏళ్ల కిందట పోలమ్మ గట్టు దగ్గర తను అన్న మాటే. దానికి జవాబు ఆ పోలమ్మ ఇచ్చిన జవాబే ఇచ్చి ఉండాల్సింది: రోజూ రా, ఇక్కడే కూచో. కానీ శాంతిప్రియ నోరు తనంతట తనే తెరుచుకుంది.

"నేర్పడానికి మా కంపెనీలో మంచి స్కీమ్ ఉంది గంగా..."

సంచి విప్పింది. మంచుబొమ్మ బయటికొచ్చింది, గాలిబుడగ బయటికొచ్చింది. కంపెనీ నేర్పిన వాక్యాలు వరసగా వచ్చాయి, నవ్వాల్సిన చోట నవ్వు కూడా వచ్చింది. గంగ కళ్లు పెద్దవి చేసుకుని వింటోంది. సిగ్నల్ అందక ఫోను పట్టుకుని గుమ్మంలోకి, గుమ్మంలోంచి వీధిలోకి తిరిగారు. స్టేషన్ వైపు బండికి ఇంజను తగిలించిన చప్పుడు వినిపించింది. శాంతిప్రియ విన్నది. వెళ్లాలని కూడా అనుకుంది. నంబరు ఇంకా రాలేదు.

"వచ్చిందక్కా. చెప్పమంటారా?"

"చెప్పు, చెప్పు. తొందరగా."

ఆ నంబరు కొట్టాకే ఆమె సంచి సర్దుకుని, కార్డు తీసుకుని పరుగెత్తింది.

ప్లాట్‌ఫారం మీద కాలనీ కాలనీయే ఉంది. తల దువ్వుకుని మల్లెపూలు కూడా పెట్టుకున్న కల్యాణి అరటిపళ్లు అందిస్తోంది. సుమిత్ర నీళ్ల సీసాలు పట్టుకుని నిలబడింది. కిటికీ తెర వాళ్లు, ఫ్యాను వాళ్లు, డ్యూటీ మధ్యలో వచ్చిన ఏలియా, అందరూ ఉన్నారు. వేళ్లన్నీ ఒక్కచోటే ఉన్నాయి. శాంతిప్రియ సంచిలో చెయ్యి పెట్టింది. కిందిదాకా వెతికింది. కంపెనీ సరుకు మొత్తం ఉంది. ఇంకు ప్యాడ్ గంగ ఇంట్లో స్టూలు మీద ఉండిపోయింది.

పోలమ్మ కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాపింది. "ఏదే, నా సెట్టు ఏదే? పొద్దుటి నుంచీ సూత్తన్నాను."

ఇవ్వక తప్పలేదు. పోలమ్మ కార్డును వెలుతురులోకి తిప్పింది. కొమ్మకొమ్మా వెతికింది. ఆ ఒక్క ఆకు దగ్గర వేలు ఆగింది.

"ఇదెవులది? నా ఎరికలో ఇలాటి ఏలు నేదు."

"కొత్త పిల్లది పిన్నీ. గంగ అని."

"మరి నీది?"

శాంతిప్రియ కార్డు మీది మాను వైపు చూసింది. తన వేలు చిట్టచివర, మానుకు మొదట్లో పెట్టుకుందామనుకుంది. ఎప్పుడూ అంతే చేసేది. పోలమ్మ ఆమె మొహం చూసి ఇంకేమీ అడగలేదు. చెయ్యి పట్టుకుని, ఆ బొటనవేలిని కిటికీ అంచున పేరుకున్న ఎర్రధూళిలో రుద్దింది.

"ఇంకు నేకపోతే ఏటి? ఇది నేదేటి మనకి? నొక్కు."

నొక్కబోతుండగా బండి కదిలింది. వేలు జారి, మాను మీద ఎర్రటి చార పడింది. చింతగింజ కాదు, ఏదీ కాదు.

"ఉంటాదిలే" అంది పోలమ్మ. ఆమె పక్కన సీటు మీద పాత చీరలో చుట్టిన పెట్టె ఉంది. చీర జారినచోట కంపెనీ టేపు కనిపించింది. ఎక్కడా కోసిన జాడ లేదు. "శాంతీ, ఎనక తలుపు ఏయనేదు. ఏసి, తాళం టేసను బాబుగారికి ఇచ్చీయే..." మిగతా మాట చక్రాల చప్పుడులో పోయింది.

జనం ఇళ్లకు మళ్లారు. కల్యాణి దగ్గరికొచ్చి ఏదో అనబోయి, సంచి వైపు చూసి, ఏలియాతో "వస్తాం అన్నయ్యా" అని చెప్పి వెళ్లిపోయింది. ఫోను టింగుమంది. రాజ్‌కుమార్ చప్పట్ల బొమ్మలు పంపాడు. ఆమె లీడర్‌గానే ఉంది.

పోలమ్మ ఇంటికి ఆమె వీధి గుమ్మంలోంచి వెళ్లలేదు. చుట్టూ తిరిగి పెరట్లోకి వెళ్లింది. పోలమ్మకు తన మీద కోపం లేదని తెలుసు, అదే ఎక్కువ బాధగా ఉంది. వంటింటి గట్టు కడిగి ఉంది. గట్టు అంచున పాత నీలి ఇంకు మరక అలాగే ఉంది. సంచి నేల మీద దింపి, తలుపు లాగింది. రాలేదు. భుజం పెట్టి తోసింది. కదల్లేదు. కొండవైపు గాలికి ఈ తలుపు దానంతటదే మూసుకుపోవాలి. ఇన్నేళ్లూ తను ఎప్పుడొచ్చినా తెరిచే ఎందుకుండేదో ఆమెకెప్పుడూ తట్టలేదు.

వంగి చూసింది. తలుపు కింద, ఒక అంచు బల్లపరుపుగా నలిగి, ఎర్రధూళి పట్టి ఇరుక్కుని ఉంది పాత హవాయి చెప్పు. మడమ దగ్గర ఆకు ఆకారంలో కన్నం, ఆ కన్నంలోంచి కడిగిన నేల కనిపిస్తోంది.