మాల తీసిన మర్నాడు

పప్పులో రెండుసార్లు ఉప్పు వేసిన సంగతి, వీరవెంకటరమణ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక గాని గంగాదేవికి గుర్తు రాలేదు. గబుక్కున రెండడుగులు వెనక్కి వేసింది. కంచం ఎగిరితే ఎటు పడుతుందో పాతికేళ్లుగా ఆమెకు తెలుసు. మొగుడు మెడలో అయ్యప్ప మాల సవరించుకుని గ్లాసెడు మంచినీళ్లు తాగాడు.

"పర్లేదు మాతా. కాస్త మజ్జిగ పొయ్యండి," అన్నాడు.

ఆమె వంటింట్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

నలభై ఒక్క రోజులూ అలాగే గడిచాయి. పని రెట్టింపయిన మాట నిజం. చన్నీళ్ల స్నానాలు ఆయనవి, తడిబట్టలు ఆమెవి. నియమం ఆయనది, వేరే గిన్నెల్లో వంట ఆమెది. నెలసరి వస్తే చాప చంకన పెట్టుకుని వీధి చివర చెల్లెలింటికి పోవాలి. మంచాన పడ్డ అత్తగారు పెద్దింట్లమ్మకి పక్కగుడ్డలు మార్చడానికి మాత్రం దొడ్డిదారిన రావచ్చు. ఆ పనికి మైల లేదు. అయినా ఇంట్లో గొంతు లేవలేదు. మధ్యాహ్నాలు కొబ్బరికాయలు వలుస్తూ ఆమె కూనిరాగం తీసేది. ఇన్నేళ్లూ ఈ పాట ఎక్కడ దాక్కుందో అని తనకే ఆశ్చర్యం. ఒక్కటే లోపల తొలిచేది. కోపం తన చేతుల్లో లేదని, ఒంట్లోంచి తన్నుకొచ్చేస్తుందని కదా ఆయన అనేది? "వాళ్ల నాన్నా అంతేనే, ఆ రక్తం అలాంటిది," అని కదా అత్తగారు సర్దిచెప్పేది? మరి ఆ రక్తం ఇప్పుడెక్కడికి పోయింది? మాల తీసేస్తే తిరిగొచ్చేస్తుందా? రోజులు దగ్గరపడేకొద్దీ పాట ఆగిపోతుందేమోనని బెంగ పట్టుకుంది.

శబరిమల వెళ్లొచ్చి, గుళ్లో మాల తీయించుకున్నాడు. మర్నాడు పొద్దున్నే బండి తాళం కనబడలేదు.

"ఏమే! ఎక్కడ తగలెట్టేవే?"

గంగాదేవి ఇడ్లీ పాత్ర దించి వచ్చి ఎదురుగా నిలబడింది.

"మీ చొక్కా జేబులో ఉందండి. ఇన్నాళ్లూ అరవకుండా ఉన్నారు. అంటే ఆపుకోవడం మీకొచ్చన్నమాట."

"అది స్వామి మహిమే. ఆయన చూస్తాడని భయం."

"నిన్నటితో ఆయన చూడ్డం మానేసేరా అండి?"

రమణ జేబు తడిమి తాళం బయటికి తీశాడు.

"నాకు దేవుడున్నాడో లేడో తెలీదండి. ఉంటాడని అనిపించిందీ లేదు. మరి ఆరేళ్లుగా మీ అమ్మగారికి అన్నీ చేస్తన్నాను గదా, ఎవరు చూస్తన్నారని?"

"నేను చూస్తన్నాను గదే," అంది మంచం మీంచి పెద్దింట్లమ్మ.

ముందు ముసలామె కిసుక్కుమంది. ఆ తర్వాత గంగాదేవికి నవ్వు ఆగలేదు. రమణ ఒక్కడే దిక్కులు చూశాడు.

"ఇవాళ్టి నుంచి అరుపులు నాకు వినపడవండి," అంది కళ్లు తుడుచుకుంటూ. "మామూలుగా అడిగితే వినపడుద్ది."

నాలుగు ఇడ్లీలు పళ్లెంలో పెట్టుకుని, పొగలు పోకముందే, ఆయనకంటే ముందే తినడానికి కూర్చుంది. రమణ తాళం పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు.

"గంగా... నాక్కూడా రెండు పెడతావా?"

"ఆయ్, వినపడిందండి," అంది పక్కకి జరిగి చోటిస్తూ. "పళ్లెం తెచ్చుకోండి."